పుట్టింటికి వెళ్ళిన అంకె

బాపట్లలో ఒక మేడ మీది హాల్లో పధ్నాలుగు మంది ఆడవాళ్ళు జంపఖానా మీద కూర్చుని, ఒక కుటుంబం ఆరోగ్యంగా ఉందని చెప్పడానికి పందొమ్మిది సంగతులు తెలియాలా, అయిదు చాలా అని పొద్దుటి నుంచి తేల్చుకోలేకపోతున్నారు. 2007 ఆగస్టు. ఫ్యాను ఒకటే. అది తిరుగుతున్నందుకు సాక్ష్యంగా సీతారామాంజనేయులుగారి ముందున్న కాగితాలు మాత్రం ఎగురుతున్నాయి.

సీతారామాంజనేయులుగారు ముప్ఫై ఏళ్ళు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరై, పేటల్లో ఆరోగ్యం సంగతులు చూసే ఈ సంస్థలో లెక్కలు చూడటానికి కుదిరిన మనిషి. హాజరు పట్టీలో ఆయన పేరు తన గడి దాటి పక్క గడిలోకి, అక్కణ్ణించి మార్జిన్లోకి పోయేది. మనిషి మాత్రం ఎప్పుడూ గడి దాటేవారు కాదు.

సంస్థవాళ్ళు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో కొన్ని పేటలు తీసుకుని, ఇంటింటికీ ఒక కుటుంబ పత్రం తెరిచి ఏడాదిన్నర అయింది. చంటిపిల్ల బరువు దగ్గర్నుంచి వంటింటి పొగ దాకా అందులో పందొమ్మిది సూచికలు. నెలనెలా ఇల్లిల్లూ తిరిగి వాటిని నింపేది ఈ పధ్నాలుగు మందే. అన్నీ బాగున్న ఇంటి తలుపుకి ఒక పచ్చ చుక్క అంటిస్తారు. రాయలేక చేతులు పడిపోతున్నాయని వీళ్ళూ, కూడలేక కళ్ళు పోతున్నాయని పైవాళ్ళూ మొరపెట్టుకుంటే, రెండు రోజులు కూర్చుని ముఖ్యమైన అయిదు ఏరుకోండి, మిగతావి వదిలేద్దాం అన్నారు.

తెనాలి నుంచి వచ్చిన ప్రమీలకి ఏరడం కొత్త కాదు. బీకాం పాసై, పదహారేళ్ళుగా బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. అయితే అక్కడ ఏది రాయో కంటికి తెలుస్తుంది. ఇక్కడ చేతులెత్తి నిర్ణయిస్తున్నారు.

అన్నిటికంటే ముందు ఎగిరిపోయింది పందొమ్మిదో సూచిక: ‘ఇంట్లో దిగిన చుట్టాలు, వచ్చిన తేదీ.’

“ఇది ఆరోగ్యమా, అతిథి మర్యాదా?” అన్నారు సీతారామాంజనేయులుగారు.

అందరూ నవ్వి చేతులెత్తారు. ప్రమీల కూడా ఎత్తింది. చుట్టాల సంగతి అడగాలంటే ఆమెకి మొదట్నించీ మొహమాటమే. వచ్చిన తేదీ అడిగితే, పోయే తేదీ కూడా నువ్వే అడిగి రాసుకో తల్లీ అనేవాళ్ళు ఇల్లాళ్ళు.

ఆ తర్వాత ఆయన ఊరువారీగా అంకెలు చదవడం మొదలుపెట్టారు. “తెనాలి, ప్రమీలగారి వీధులు. ప్రమాదంలో ఉన్న గర్భిణులు. జూలైలో ఒకటి, ఆగస్టులో సున్నా. శభాష్ అమ్మా! సున్నా అంటే ఇలా ఉండాలి.”

హాలంతా చప్పట్లు. ప్రమీల కూడా రెండు చప్పట్లు కొట్టింది. మూడోది సగంలో ఆగిపోయింది.

ఆ ఒకటి ఆఫ్రీన్. సైకిల్ షాపు ఫరూక్ భార్య, జానీ బీ కోడలు. ఇరవై ఏళ్ళ పిల్ల. జూలైలో నర్సమ్మ చూసినప్పుడు బీపీ నూటనలభై, తొంభై ఉంది. పాదాలు ఉబ్బాయి. వారం వారం చూపించుకోమని చెప్పారు. నెలాఖరున ప్రమీల వెళ్ళేసరికి జానీ బీ గుమ్మంలోనే, “పుట్టింటికి పంపాం ప్రమీలమ్మా, రేపల్లె. తొలికాన్పు కదా!” అని సంబరంగా చెప్పింది. నెలాఖరుకి ఇంట్లో లేని మనిషి పేరు కొట్టేయాలి అన్నది నియమం. ప్రమీల స్కేలు పెట్టి, ఎర్ర పెన్సిలుతో, చక్కగా కొట్టేసింది. ఆ పేరు పోగానే ఆ ఇంట్లో జబ్బూ లేదు, గర్భిణీ లేదు, అయిదేళ్ళలోపు పిల్లలూ లేరు. ఇంతకంటే ఆరోగ్యమైన కుటుంబం ఏముంటుంది? తలుపుకి పచ్చ చుక్క అంటించింది. జానీ బీ మురిసిపోయి గిన్నెడు సేమ్యా పాయసం పెట్టింది. ప్రమీల తిని వచ్చింది కూడా.

“సార్,” అంది ప్రమీల, “ఆ ఒకటి ఎక్కడికి పోయిందండి?”

“తగ్గింది కదమ్మా.”

“తగ్గలేదండి. రేపల్లె వెళ్ళింది.”

మళ్ళీ నవ్వులు. ప్రమీల నవ్వకుండా, రెండు వరసల వెనక కూర్చున్న సంధ్యారాణి వైపు తిరిగింది. సంధ్యారాణిది రేపల్లె. ఈడులో చిన్నది, రాతలో గట్టిది.

“సంధ్యా, పరుపులు కుట్టే సైదావలిగారి ఇల్లు, మా ఆఫ్రీన్ పుట్టిల్లు, నీకిందేనా?”

“నాదే అక్కా. ఆయనా, మస్తాన్ బీ గారూ. ఇద్దరే. గర్భిణి లేదు.”

“ఆ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల నీకు కనపడలేదూ?”

“ఎందుకు కనపడలేదు, మంచినీళ్ళు ఇచ్చింది ఆ పిల్లేగా. పెళ్ళైన ఆడపిల్ల మెట్టింటి లెక్కని మనకి చెప్పారు కదా. సొంత కూతుర్ని చుట్టాల గడిలో ఏం రాస్తాం, మీ లెక్కలో ఉంటుందనుకున్నా.”

“నీ లెక్కలో ఉంటుందని నేననుకున్నా.”

సంధ్యారాణి రెండు వరసలూ దాటి ఆమె పక్కకి వచ్చింది. మెల్లగా అంది. “నాలుగు రోజుల కింద వాళ్ళమ్మ చెప్పింది అక్కా. పిల్ల ఒళ్ళంతా నీరు పట్టిందీ, ఒకటే తలనొప్పీ అని. వేడి చేసుంటుంది, మజ్జిగ ఇమ్మన్నాను.”

ప్రమీల లేచి చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టింది. “భోజనాలయ్యాక వివరంగా చర్చిద్దామమ్మా,” అన్నారు సీతారామాంజనేయులుగారు. “చర్చించండి సార్,” అంటూనే ఆమె మెట్లు దిగింది. సంధ్యారాణి విస్తరి ముందు నుంచి లేచినట్టు, వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ వెంటపడింది.

చెరుకుపల్లి మీదుగా పోయే రేపల్లె బస్సు ప్రతి మలుపులోనూ ఆగింది. ఒకచోట కొబ్బరి బొండాల గెల ఎక్కించడానికి, ఒకచోట దాన్ని దింపడానికి. ప్రమీల సీట్లో కుదురుగా కూర్చోలేక కమ్మీ పట్టుకుని నిలబడింది. ముందుకు వంగితే బస్సు కాస్త తొందరగా పోతుందేమోనని ఆశ.

“కూర్చో అక్కా, ఊగిపోతున్నావు.”

“కూర్చుంటే ఇంకా నెమ్మదిగా పోతున్నట్టుంది.”

“మన తప్పేం లేదుగా? నియమం ప్రకారమే రాశాం.”

“అవును. నా గీత ఎంత తిన్నగా ఉందో చూపిస్తాను, కాగితం తెచ్చాను,” అంది ప్రమీల. సంధ్యారాణి కిటికీ వైపు తిరిగింది.

సైదావలి ఇంటి ముందు పంచలో దూది కొండలా పడి ఉంది. ఆయన కనుబొమల మీద, గడ్డంలో, లుంగీ మడతల్లో అంతా దూదే. సగం కుట్టిన పరుపు మీద సూది అలాగే గుచ్చి లేచి, “రా తల్లీ, రా,” అని పీట వేశాడు. ప్రమీల పీట దాటి లోపలికి పోయింది.

ఆఫ్రీన్ కిటికీ మూసుకుని పడుకుని ఉంది. ముఖం ఎవరిదో తెచ్చి పెట్టినట్టుంది. సూడిదలకి తొడిగిన గాజులు మణికట్టులోకి దిగబడిపోయాయి. వేలి వాపు కింద ఉంగరం ఉందో లేదో వెతికితే గానీ తెలియదు.

“ఆంటీ, మీరా!” అంది నవ్వబోయి. “మా తలుపు మీద పచ్చ చుక్క పోయిందా ఏంటి?”

“దాని సంగతి తర్వాత. తలనొప్పి ఎన్నాళ్ళ నుంచి?”

“నాలుగు రోజులు. నిన్నట్నుంచి కళ్ళ ముందు మిరుమిట్లు. కళ్ళు మూసుకున్నా ఆగట్లా.”

ఎనిమిది నెలలు నిండలేదు ఇంకా. సంస్థవాళ్ళు ఇచ్చిన మూడు రోజుల శిక్షణలో ప్రమీలకి గుర్తున్నవి రెండే. ఒకటి, మధ్యాహ్నం పెట్టిన పులిహోర. రెండు, కడుపుతో ఉన్న మనిషికి బీపీ ఉండి కళ్ళ ముందు మిరుమిట్లు వస్తే గంటలు లెక్కపెట్టుకోవాలన్న మాట.

“బాబాయ్‌గారూ, ఇప్పుడే తెనాలి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.”

సైదావలి గడ్డంలో దూది పీక్కుంటూ నిలబడ్డాడు. “నీరు పట్టడం మామూలే అంటన్నారు కదమ్మా అందరూ. అయినా అత్తారింటివాళ్ళని అడక్కుండా నేనెట్టా కదిలిస్తాను? రేపు ఏదన్నా అయితే నన్నంటారు. తొలికాన్పు చెయ్యలేక తిరగ తోలాడంటారు.”

పక్కనే ఉన్న కిరాణా కొట్టు ఫోనులోంచి ప్రమీల సైకిల్ షాపుకి చేసింది. ఫరూక్‌కి అన్నం తెచ్చిన జానీ బీయే ఎత్తింది.

“అయ్యో, మేం పంపినప్పుడు బాగానే ఉందిగా ప్రమీలమ్మా! చుక్క అంటించింది నువ్వేగా. ఇప్పుడు మేం ఎగేసుకుని వస్తే, మీకు చూసుకోవడం చేతకాదని వాళ్ళ మొహాన అన్నట్టుండదూ? వాళ్ళు కబురు చేస్తే వస్తాం.”

ఇద్దరూ మంచివాళ్ళే. ఒకరిచేత ఒకరు మాట పడకూడదని, ఆ పిల్లని మధ్యలో పడుకోబెట్టి మర్యాదలు చేసుకుంటున్నారు. ప్రమీల కొట్టు ముందు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచింది. తర్వాత తిన్నగా సైదావలి దగ్గరికి వచ్చింది.

“బాబాయ్‌గారూ, మీరు శ్రమ పడకండి. మీ వియ్యపురాలు కారు మాట్లాడుకుని బయల్దేరుతోంది. పాపం రేపల్లెవాళ్ళకి ఏం తెలుస్తుంది, నా కోడల్ని నేనే తెచ్చుకుంటానంది.”

“ఏమందీ?”

“మీకేం తెలియదంది.”

సైదావలి లేచిన ఊపుకి దూదికొండ సగం వీధిలో పడింది. “మస్తానూ! పిల్లని లేపు! ఆమె వచ్చి తీసుకుపోయేదాకా మనం గాజులు తొడుక్కుని కూర్చున్నామంటనా!”

ప్రమీల మళ్ళీ ఫోను దగ్గరికి పరిగెత్తింది. “పిన్నీ, మీ వియ్యంకుడుగారు పిల్లని తెనాలి ఆసుపత్రికి తెచ్చేస్తున్నాడు. మెట్టింటివాళ్ళు ఎటూ రారు, నా బిడ్డ నాకు బరువా అంటున్నాడు.”

జానీ బీ గొంతు చల్లగా వచ్చింది. “ఎన్నింటికి తెస్తన్నాడంట?”

పదహారేళ్ళ కాపురంలో ప్రమీల ఆడిన అబద్ధాలన్నీ కూరలో కరివేపాకులాంటివి. ఈ రెండూ కూరలు.

ముందు రేపల్లె ఆసుపత్రిలో సిస్టరు బీపీ పట్టీ చుట్టి చూసింది. నూటడెబ్బై, నూటపది. ఆవిడ పట్టీ విప్పకుండానే డాక్టరు కోసం పరిగెత్తింది. డాక్టరు ఇంజెక్షను చేసి, అంబులెన్సు పిలిపించి, వెలుగూ చప్పుడూ తగిలితే ఫిట్స్ రావచ్చని, దారిలో లైట్లు వేయొద్దనీ పిల్లతో మాట్లాడించొద్దనీ చెప్పారు. తెనాలి దాకా చీకటి బండే. తండ్రి ఒళ్ళో తల పెట్టుకున్న ఆఫ్రీన్ వేళ్ళు ఒకసారి చిన్నగా ఎగిరిపడ్డాయి. అది కుదుపా, ఫిట్సా తెలియక ప్రమీల ఆ వేళ్ళని పట్టుకుని, దిగేదాకా వదల్లేదు.

ఆసుపత్రి మెట్ల మీద జానీ బీ, ఫరూక్, ఇంకా ఆ వీధిలో సగం మంది ముందే ఉన్నారు. “వచ్చారా?” అంది జానీ బీ వియ్యంకుడితో, తామే గెలిచినట్టు. “తెచ్చాంగా,” అన్నాడాయన, తానే గెలిచినట్టు. స్ట్రెచరు ఇద్దరి మధ్యనుంచి లోపలికి పోయింది.

తెల్లవారితే గానీ ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు. ప్రమీల ఇంటికి వెళ్ళేసరికి భర్త బాబూరావు అన్నం వండి, చారు కూడా పెట్టి, ఆ ఘనకార్యం చూపించడానికి ఎదురు చూస్తున్నాడు. ఆమె తినలేదు. తిన్నట్టు కంచం కడిగింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి పోతే, ఆపరేషనుకి తీసుకెళ్ళాం, బయట ఉండండి అన్నారు. బయట ఉండటం ఎంతసేపో చెప్పలేదు. బాపట్ల ప్యాసింజరు ఇరవై నిమిషాల్లో ఉంది. ఇక్కడ కూర్చున్నా తను కోసేదీ లేదు, కుట్టేదీ లేదు. బాపట్లలో మాత్రం పదకొండింటికి అయిదు సూచికలూ ఖాయమైపోతాయి. ఫరూక్ చేతిలో సంస్థ ఆఫీసు ఫోను నంబరు పెట్టి, ఏదైనా సరే చెయ్యమని, మంచైనా చెడైనా అని, చెడు అన్నందుకు నాలుక కరుచుకుని, రైలెక్కింది.

హాల్లో జంపఖానా మీద ఏడు అట్టముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. టీకాలు, పిల్లల బరువు, మరుగుదొడ్డి, తాగునీరు, అయోడిన్ ఉప్పు, గర్భిణి పరీక్షలు, పొగలేని పొయ్యి. ఒక్కొక్కరి చేతిలో పది చింతపిక్కలు. ఏది ముఖ్యమనిపిస్తే దాని మీద అన్ని పిక్కలు పెట్టాలి. అప్పటికే పెట్టేశారు. పొయ్యీ తాగునీరూ వెనకబడ్డాయి. ఉప్పు మీద మంచి కుప్పే ఉంది.

ప్రమీల ఒక అట్టముక్క అడిగి తీసుకుని, దాని మీద ‘ఇంట్లో దిగిన చుట్టాలు’ అని రాసి, వరస చివర పెట్టింది.

“అది నిన్న అందరూ చెయ్యెత్తి తీసేసిందమ్మా,” అన్నారు సీతారామాంజనేయులుగారు.

“నేనూ ఎత్తానండి. పేరు కొట్టేసింది కూడా ఆ చెయ్యే.” ఎర్ర గీత ఉన్న కుటుంబ పత్రం ఆయన ముందు పెట్టి, నిన్న జరిగిందంతా చెప్పింది. రెండు అబద్ధాలు తప్ప. వాటిని సంధ్యారాణి చెప్పింది.

ఆయన చాలాసేపు కాగితం చూశారు. “బాధాకరమే. కానీ ఇది సూచిక కాదమ్మా, కబురు. టీకాలు పెరిగితే మంచిది. జబ్బులు తగ్గితే మంచిది. చుట్టాలు పెరిగితే మంచా, తగ్గితే మంచా? సూచిక అన్నాక ఒక దిశ ఉండాలి.”

“ఉందండి. రేపల్లె వైపు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రమీలకే నోరు జారినట్టనిపించి, కాస్త తగ్గింది. “సార్, గర్భిణి పరీక్షల మీద అన్ని పిక్కలు పెట్టారు. సంతోషం. కానీ ఏడోనెల వచ్చేసరికి మనవాళ్ళెవరూ అత్తారింట్లో ఉండరు. పుట్టింట్లో రాసేవాళ్ళు లేరు. మరి ఆ పరీక్షలు ఎవరికి చేస్తున్నాం?”

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. “కాగితాలు చూడకుండా చెప్పండి. మీ మీ వీధుల్లో ఇవాళ కడుపుతో పుట్టింటికి వచ్చి ఉన్నవాళ్ళు ఎంతమంది?”

పధ్నాలుగు మందీ వేళ్ళ కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పెదాలు కదులుతున్నాయి. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎన్నో నెలో, ఏం తినాలని ఉందో కూడా తెలిసిన మనుషులు వాళ్ళు. కూతుళ్ళు చుట్టాల గడిలోకి రారనుకుని రాయలేదు. సంధ్యారాణి నాలుగంది. బాపట్ల కనకదుర్గ మూడంది. మొత్తం ఇరవై మూడు తేలింది. కాగితాల మీద ఉన్న గర్భిణులు ముప్ఫై ఒక్కరు. ఆయన బోర్డు మీద రెండంకెలూ పక్కపక్కన రాసి, వెనక్కి జరిగి, తన పాఠంలో తప్పు దొరికిన మేష్టారిలా నిలబడ్డారు.

“అయితే ఉండాల్సిందే,” అన్నారు చివరికి. “కానీ అయిదే. ఒకటి రావాలంటే ఒకటి పోవాలి. ఏది తీయను?”

అప్పుడు మొదలైంది అసలు గోల.

“మరుగుదొడ్డి ముట్టుకుంటే ఊరుకోను!” అంది కనకదుర్గ. “ఏడాదిన్నర అందరిచేతా తిట్లు తిని కట్టించాను.”

“పిల్లల బరువు తీస్తే ఇక త్రాసు దేనికి, కూరగాయలకా?”

“టీకాలు తీస్తారా? మీదే పాపం!”

ప్రమీల గడియారం చూసింది. పదకొండూ పది. ఫోను మూలన ముడుచుకుని కూర్చుంది. ఆపరేషను ఇంతసేపు పడుతుందా? అడుగుదామంటే చుట్టూ ఉన్నవాళ్ళలో తెలిసినవాళ్ళెవరు?

“ఉప్పు తీసేయండి,” అంది.

“ఉప్పా?” సీతారామాంజనేయులుగారు నిజంగా నొచ్చుకున్నారు. “మన లెక్కల్లో బాగున్నది అదొక్కటేనమ్మా. తొంభై ఆరు శాతం! ఉప్పు లేకపోతే ఎలా?”

“నూటికి తొంభై ఆరు ఇళ్ళల్లో ఉన్నదాన్ని నెలనెలా అడగడం ఎందుకండి? ఉప్పు ఎక్కడికీ పోదు. దాన్నెవరూ తొలికాన్పుకి పుట్టింటికి పంపరు.”

కనకదుర్గ ముందు నవ్వింది. తర్వాత వంగి, ఉప్పు మీద తను పెట్టిన మూడు పిక్కలూ తీసి చివరి అట్టముక్క మీద వేసింది. సంధ్యారాణి నాలుగు తీసింది. తర్వాత చేతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరి పిక్కలు ఎవరు తీస్తున్నారో ఆయనకి అర్థం కాలేదు. “వరసగా అమ్మా, వరసగా! ఇది పద్ధతి కాదు!” అంటూనే ఉన్నారు.

ఫోను మోగింది.

దగ్గరున్న ఆయనే ఎత్తి, “ప్రమీలగారూ, తెనాలి,” అన్నారు. ఆమె పిక్కల మీద కాలేసి, జారి, నిలదొక్కుకుని అందుకుంది.

“ప్రమీలమ్మా! మనవరాలు!” జానీ బీ అరుస్తోంది. “కిలో ఏడొందలు. గాజు పెట్టెలో పెట్టారు, బతుకుద్దంట. ఇదిగో, బిడ్డని మా కాగితంలో రాయాల, చెప్తన్నా. ఈయన అప్పుడే మా ఇంటి కాన్పు, మా లెక్క అంటన్నాడు.”

వెనకనుంచి సైదావలి గొంతు: “రేపల్లె కాగితంలో రాయమను! తెచ్చింది మేమేగా!”

“పిన్నీ, ఆఫ్రీన్?”

“ఆఁ?”

“తల్లి ఎలా ఉంది పిన్నీ?”

“ఉంది, లోపల ఉంది. పడుకుంది కాబోలు. బిడ్డ పేరు మాత్రం...”

“ఆ సెల్లు ఫరూక్‌కిచ్చి పిల్ల చెవి దగ్గర పెట్టమనండి.”

“సిస్టరు తిడుతుంది.”

“తిట్టనివ్వండి. నాకు ఆ పిల్ల గొంతు వినపడాలి.”

అవతల చెప్పుల చప్పుడు, తలుపు కిర్రుమన్న చప్పుడు, ఎవరో కసురుకోవడం, ఫరూక్ బతిమాలుకోవడం. హాల్లో చేతుల్లో చింతపిక్కలు పట్టుకుని అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ప్రమీల రిసీవరు రెండు చేతులా పట్టుకుంది. ఊపిరి వినపడుతోంది. అది ఫోనులోదో తనదో తెలియలేదు.

“ఆంటీ...” అంది ఆఫ్రీన్. గొంతు ఎండిపోయి, గీసుకుపోయినట్టుంది. “ఆకలేస్తంది. అడిగితే ఇప్పుడప్పుడే ఏం పెట్టకూడదంటన్నారు.”

“తలనొప్పి?”

“లేదు.”

“మిరుమిట్లు?”

“లేవు ఆంటీ. ఆకలే. మీరన్నా చెప్పండి వీళ్ళకి.”

“చెప్తా,” అంది ప్రమీల. నిన్న మధ్యాహ్నం నుంచి మొదటిసారి ఆమె మోకాళ్ళు మడిచి కింద కుదురుగా కూర్చుంది. “నేను వచ్చి చెప్తా.”